కూర సంగతి అడిగిన చెయ్యి

డాక్టర్ ధర్మారావు వేళ్ళు మొద్దుబారిపోయిన సంగతి ఆయన భార్య మంగతాయారుకి కాఫీ గ్లాసు వల్ల తెలిసింది.

స్టీలు గ్లాసు. కాఫీ పొగలు కక్కుతోంది. ఆవిడ దాన్ని కొంగుతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, చల్లారనివ్వండి అనేలోపే ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా రెండు చేతుల వేళ్ళతోనూ దాన్ని పట్టుకుని తాపీగా ఒక గుక్క వేశాడు. మంగతాయారు అలాగే నిలబడిపోయింది. ఆయన సంగతి ఆవిడకి కొత్తా? నాలుక కాలినా ఓర్చుకుంటాడు గానీ, వేలికి కాస్త సెగ తగిలితే చాలు, చిన్నపిల్లాడిలా చెవి తమ్మె పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. గుండె డాక్టరు వేళ్ళు కదా, వాటికి ఇంట్లో అల్లుడి మర్యాదలు జరిగేవి.

"ఏవండీ, కాలట్లేదా?"

"ఏంటి?"

"గ్లాసు."

ఆయన గ్లాసు వంకా వేళ్ళ వంకా చూసుకుని, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయినవాడిలా నవ్వాడు. వేలి కొసలు అప్పటికే ఎర్రగా కమిలిపోయాయి. ఆ ఎరుపు చూశాక ఆవిడకి నవ్వు రాలేదు.

"కూచో తాయారూ, చెబుతాను," అన్నాడు.

ఊదాజ్వరం కాకినాడని పట్టి పీడిస్తున్న ఏడాది అది. గోళ్ళు ఊదారంగుకి తిరిగేవి కాబట్టి జనం పెట్టుకున్న పేరు. జ్వరం అందరినీ చంపేది కాదు. కానీ ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలితే చాలు, అంటుకునేది. దానివల్ల జ్వరంతో పోయినవాళ్ళ కంటే వేరే జబ్బులకి వైద్యం అందక పోయినవాళ్ళు ఎక్కువయ్యారు. ఛాతీలో నొప్పి వచ్చినా ఆస్పత్రికి వెళ్తే జ్వరం అంటుకుంటుందని ఇంట్లోనే వాము నమిలి పడుకునేవారు. తెగించి వచ్చినవాళ్ళకి ముక్కులో పుల్ల పెట్టి జ్వరం ఉందో లేదో చూడాలి. ఉంటే డాక్టర్లు తల నుంచి కాలి దాకా సూట్లు తొడుక్కోవాలి. వైద్యం అయ్యాక గది కడిగి ఆరబెట్టాలి. అందాకా ఇంకో రోగిని లోపలికి తీసుకోకూడదు.

తుని నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు అలా గది ఆరేలోపు, గది తలుపు ఎదురుగా అంబులెన్సులోనే ప్రాణం వదిలాడు. ఆ సాయంత్రం ధర్మారావు ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "వాడు గుండెపోటుతో పోలేదు తాయారూ. తలుపు మూసి ఉండబట్టి పోయాడు," అన్నాడు. ఆ ముక్క ఆవిడకి బాగా గుర్తుంది. ఆ తరవాతి వారమే ఆయన ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలకి వెళ్ళడం మొదలుపెట్టాడన్నది మాత్రం ఇప్పుడు తెలిసింది.

ఆ ప్రయోగశాల నస్రీన్‌ది. జగన్నాథపురం పిల్ల, ముప్పై దాటలేదు. మూసిన గదిలో మనిషి అవసరం లేకుండా గుండె రక్తనాళం తెరిచే యంత్రం కట్టింది. మణికట్టు దగ్గర నాడిలోకి సూది గుచ్చి, సన్నటి తీగని గుండె దాకా పంపి, అడ్డం పడిన రక్తపు గడ్డని లాగెయ్యాలి. యంత్రానికి చేతులున్నాయి, కళ్ళున్నాయి, వేళ్ళకి తెలివే లేదు. చర్మం కింద నాడి ఎటు జారుతోందో, ఎంత నొక్కాలో దానికెలా తెలుస్తుంది? అది తెలిసిన వేళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

వెంట్రుక కంటే సన్నటి తీగల్ని ధర్మారావు వేలి కొసల నరాల్లోకి ఎక్కించారు. ఆయన రోగి మణికట్టు పట్టుకున్నంతసేపూ ఆ నరాల్లో నడిచే కబురునంతా తీగలు పట్టుకుని యంత్రంలో దాచిపెట్టేవి. చిక్కల్లా ఒక్కటే. కబురు పట్టిన ప్రతిసారీ దీపంలో వత్తిలాగా నరం కొస కొంచెం మాడిపోతుంది. మళ్ళీ మొలవదు.

"ఆ పిల్ల నీకు ముందే చెప్పలేదా ఈ సంగతి?" అని గొంతు పెంచింది మంగతాయారు. కోపం ముంచుకొచ్చినప్పుడు ఆవిడకి ఆయన 'మీరు' కాదు.

"చెప్పింది. వద్దని కూడా చెప్పింది. నేనే వినలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వద్దంటే వింటాను కాబట్టి."

ఆవిడ లేచి వెళ్ళి కాలిన వేళ్ళకి వెన్న తెచ్చి రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆవిడ వేళ్ళు తగులుతున్న సంగతి ఆయన చూసి తెలుసుకుంటున్నాడు.

*

యంత్రానికి కాగితాల మీద పేరు దూరహస్తం. మంగతాయారు దానికి సవతి అని పేరు పెట్టింది. "ఇవాళ సవతి దగ్గరికి వెళ్ళరా?" అనేది పొద్దున్నే. ఆయన ఇంక రోగుల్ని పట్టుకుని చూడలేడు కాబట్టి ప్రయోగశాలలోనే ఉంటున్నాడు. చొక్కా గుండీలు ఆవిడే పెడుతోంది. పప్పన్నం కలుపుకుంటుంటే ముద్ద ఎంత వేడిగా ఉందో తెలియదని ముందు ఆవిడ చెయ్యి పెట్టి చూస్తోంది. పెళ్ళిలో తాళి కడుతూ మూడు ముళ్ళూ ఒక్క చేత్తో వేసి పురోహితుణ్ణి నవ్వించిన చేతులవి.

నస్రీన్ అంతకుముందు మధ్యాహ్నం వాళ్ళింట్లోనే తినేది, ఏ పని మీద వస్తోందో మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మంగతాయారు ఆ పిల్లని తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. భోజనానికి పిలవడం మానేసిందంతే. గోదావరి జిల్లాల్లో ఇంతకు మించిన శిక్ష ఎవరూ వెయ్యలేరు. ఆ పిల్లకీ అది అర్థమైంది.

ఒకసారి మాత్రం ఆయన బతిమాలితే ఆవిడ ప్రయోగశాలకి వెళ్ళింది. గాజుగోడ వెనక రెండు ఉక్కు చేతులు, వాటికి మెత్తటి రబ్బరు చర్మం. ముందున్న బల్ల మీద రబ్బరు మణికట్టు. నస్రీన్ మీట నొక్కగానే ఒక చెయ్యి వచ్చి ఆ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించింది. మంగతాయారుకి ఒళ్ళు ఝల్లుమంది. చూపుడువేలు కాస్త వంచి, నడిమి వేలితో తడమడం, అచ్చం ఆయనే. మరుక్షణం రెండో చెయ్యి వచ్చి సూది గుచ్చేసింది.

"అంత తొందరేంటి దీనికి?" అంది ఆవిడ.

చాలా రోజుల తరవాత ఆంటీ తనతో మాట్లాడిందని నస్రీన్ మొహం వెలిగిపోయింది. "మేమే తగ్గించాం ఆంటీ. సార్ ప్రతి రోగి దగ్గరా మధ్యలో ఊరికే ఆగిపోతారు. చెయ్యి పట్టుకుని అలా ఉండిపోతారు, ఏ పనీ జరగదు. గుండెపోటులో ఆలస్యమయ్యేకొద్దీ కండ చచ్చిపోతుంది కదా. అందుకని ఆ ఖాళీలన్నీ కోసేశాం."

"నేనెక్కడ ఆగుతానమ్మా?" అన్నాడు ధర్మారావు, నిజంగానే తెలియక.

"మీకు తెలీదులెండి సార్. యంత్రంలో దాచినదాంట్లో నేను చూశాను."

ఆస్పత్రిలోనూ అలాంటి చేతుల్ని బిగించి, జ్వరం లేని రోగుల మీద, డాక్టర్లు పక్కన నిలబడి ఉండగా అప్పటికే కొన్నిసార్లు ప్రయత్నించారు. కొందరికి బాగా పనిచేసింది. కొందరికి సూది తగలగానే మణికట్టు నాడి బెదిరి బిగుసుకుపోయేది. అప్పుడు డాక్టరు అందుకుని తొడ దగ్గర నుంచి తీగ పంపి పని పూర్తిచేసేవాడు. వేళ్ళు అవే, నొక్కడం అదే, నాడి ఎందుకు బెదురుతోందో ఎవరికీ అంతుపట్టలేదు. తొడ పని దూరహస్తానికి రాదు. అందుకే జ్వరం ఉన్న రోగిని దానికి ఒంటరిగా వదిలే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

*

ఒక ఆదివారం పొద్దున మంగతాయారు పనసపొట్టు కూర వండుతోంది. పొట్టు ఉడికించి నీళ్ళు పిండేసింది. ఆవ నూరి గిన్నెలో పెట్టింది. పోపు వేసి పొట్టు బాండీలో పడేశాక దవడ లాగినట్టయింది. ఆ తరవాత ఛాతీ మీద ఎవరో సన్నికల్లు పెట్టినట్టు బరువు.

"గ్యాసు," అనుకుంది. గుండె డాక్టరు భార్య అయ్యుండి, ఊళ్ళోవాళ్ళందరికీ ఆయన చెప్పే బుద్ధులు వంటింట్లోంచి విని విని కంఠతా వచ్చి ఉండి కూడా, వాము నోట్లో వేసుకుని స్టూలు మీద కూచుంది. చెమట జాకెట్టు తడిపేసింది. చేతిలో అట్లకాడ జారి కిందపడింది. ఆ చప్పుడుకి ఆయన వచ్చాడు.

వచ్చి అలవాటుగా మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని, ఏమీ తెలియక, ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ చూపు ఆవిడకి నొప్పి కంటే ఎక్కువ బాధనిపించింది.

ఆస్పత్రి గేటు దగ్గర ముక్కులో పుల్ల పెట్టారు. ఊదాజ్వరం ఉంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంటే ఎండ అనుకుంది ఆవిడ. ఒకే ఇంట్లోవాడు కాబట్టి ఆయన్నీ పక్కనున్న అద్దాల గదిలో పెట్టి తలుపు వేసేశారు. గడ్డ కరిగించే ఇంజక్షన్ ఉంది గానీ, ఈమధ్యనే కడుపులో పుండు పగిలి రక్తం పోయిన మంగతాయారుకి అది ఇస్తే ప్రాణానికే ముప్పు. గుండెలోకి తీగ పంపడం తెలిసిన డాక్టర్లు ఆ ఆస్పత్రిలో ముగ్గురు. ఇద్దరు జ్వరంతో మంచాన ఉన్నారు. మూడోవాడు వేళ్ళు ఇచ్చేసి అద్దం వెనక నిలబడ్డాడు. మిగిలింది సవతి.

సూటు వేసుకున్న సిస్టరు ఆవిణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, కుడిచెయ్యి చాపించి కట్టి, బయటికి వెళ్ళిపోయింది. తలుపు బుస్సుమని మూసుకుంది. గదిలో మనిషన్నవాడు లేడు. పైన దీపం, పక్కన ఆ రెండు చేతులు. ఇక్కడ పోతే పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ ఉండదు కదా అనిపించింది మంగతాయారుకి. అంత భయం ఆవిడ జన్మలో ఎరగదు.

"ఆంటీ, నేను నస్రీన్‌ని. మైకులో మాట్లాడుతున్నా. మొదలుపెడుతున్నాం," అంది గోడలోంచి గొంతు.

రెండు వేళ్ళు వచ్చి మణికట్టు మీద ఆనాయి. వెచ్చగా ఉన్నాయి. ఒక్క క్షణం ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే సూది దిగింది. చెయ్యి మోచేతి దాకా కొయ్యబారిపోయింది. నాడి బిగుసుకుంది. నాడిని వదులు చేసే మందు పంపారు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అంతే. పక్కనున్న యంత్రమేదో కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"సార్, ఇంకో రెండుసార్ల కంటే కుదరదు," అంటోంది నస్రీన్. ఏడుపు ఆపుకుంటున్న గొంతు.

ఆ గొంతుని భరించలేకపోయింది మంగతాయారు. ఓపిక లేకపోయినా నోరు తెరిచింది. "మీ దానికి మర్యాద తెలీదండీ. పలకరింపన్నా లేకుండా పొడిచేస్తోంది."

అద్దం వెనక ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియదు. కట్టి ఉన్న ఆవిడ మణికట్టు వంక చూస్తూ, ఇన్నేళ్ళ అలవాటులో నోటికి వచ్చిన మాట అనేశాడు. "ఇంతకీ ఇవాళ ఏం కూర వండావు?"

"ఏం కూరా? ఇప్పుడా?" అంది. కానీ అడిగాక చెప్పకుండా ఎలా ఉంటుంది? "పనసపొట్టు. ఆవ నూరి పెట్టాను, ఇంకా కలపలేదు." చెబుతూ ఉండగానే గుర్తొచ్చింది. "పొయ్యి కట్టేశారా?"

"కట్టేశాననే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నారా? బాండీ మాడి మసైపోయుంటుంది. అయ్యో, పొట్టు ఎంత సన్నగా కొట్టించానో."

"సార్," అంది నస్రీన్ ఉన్నట్టుండి. "నాడి వదులవుతోంది."

తెర మీద చూస్తోంది ఆ పిల్ల. దారంలా బిగుసుకున్న నాడి నెమ్మదిగా విచ్చుకుంటోంది. తరవాత ఆ పిల్ల గొంతు చాలా చిన్నదైపోయింది. "సార్, మీరు ప్రతి రోగినీ ఇదే అడిగేవారు కదా. చెయ్యి పట్టుకుని, ఏం కూర వండారండీ అని. వాళ్ళు చెప్పేదాకా సూది గుచ్చేవారు కాదు. నేను కోసేసిన ఖాళీలు... అవే సార్."

ధర్మారావు అద్దానికి తల ఆనించాడు. ఆయన దాన్ని వైద్యం అనుకోలేదెప్పుడూ. మనిషి చెయ్యి పట్టుకున్నప్పుడు పలకరించాలి కాబట్టి పలకరించేవాడు. వంకాయ అనో, ఎండుచేపల పులుసు అనో, ఏం వండుతామండీ ఒంట్లో బాగోకపోతేనూ అనో వాళ్ళు చెబుతుంటే చేతిలో నాడి తేలికపడేది. తేలికపడ్డాక గుచ్చేవాడు. ఆ కనిపెట్టడం వేళ్ళే చేసుకుపోయాయి, ఆయనకి చెప్పకుండా.

"కొయ్యక ముందుది ఉందా అమ్మా?"

"ఉంది సార్. పారెయ్యడానికి మనసొప్పలేదు. కానీ దాన్ని మనిషి మీద ఎప్పుడూ వాడలేదు."

"నేను వాడాను. పెట్టు."

ఈసారి వేళ్ళు వచ్చి ఆనాయి, అక్కడే ఉండిపోయాయి. ఏమీ చెయ్యలేదు. కాసేపటికి బొటనవేలు వచ్చి మణికట్టు పక్కన రెండుసార్లు మెల్లిగా తట్టింది. ఇంట్లో రక్తపరీక్షకి సూది గుచ్చేముందు ఆయన అలాగే తట్టేవాడు. అన్నేళ్ళూ ఆవిడ గమనించనే లేదు. మంగతాయారు కళ్ళు మూసుకుంది. గదిలో ఆవిడ ఒంటరిగా లేదు.

"ఆవ ఎప్పుడు కలుపుతావు?" అన్నాడు మైకులో.

"దించాక. పొయ్యి మీద కలిపితే చేదొస్తుంది. చింతపండు గుజ్జు ముందే వేసెయ్యాలి. మీ అమ్మగారు బెల్లం వేసేవారు, నేను వెయ్యను..."

సూది ఎప్పుడు దిగిందో ఆవిడకి తెలియదు. తీగ భుజం దాటిందని, గుండె చేరిందని, గడ్డ దొరికిందని నస్రీన్ ఒక్కొక్కటే చెబుతోంది. ఎండుమిరపకాయలు ఎన్ని వెయ్యాలో మంగతాయారు చెబుతూ ఉండగా ఛాతీ మీద సన్నికల్లు ఎవరో ఎత్తి పక్కన పెట్టారు. గాలి లోపలికి వచ్చింది. ఊపిరి పీల్చడం ఇంత తియ్యగా ఉంటుందా అనుకుంది.

యంత్రం చెయ్యి తిరిగి వెళ్ళబోతుంటే ఎడం చెయ్యి చాపి ఆ రబ్బరు వేళ్ళు పట్టుకుంది. "చల్లగా ఉండవే తల్లీ," అంది సవతితో.

*

జ్వరం తగ్గి ఇంటికి వచ్చేసరికి బాండీ ఎదురుచూస్తోంది. పక్కింటివాళ్ళు తలుపు తీయించి పొయ్యి కట్టేశారట గానీ, అప్పటికే అడుగు బొగ్గయిపోయింది. పారేద్దామన్నాడు ధర్మారావు. "ఉండనివ్వండి. నన్ను బతికించిన కూర అది," అని గూట్లో పెట్టుకుంది ఆవిడ.

మొదటి భోజనానికి నస్రీన్‌ని పిలిచింది. ఆ పిల్ల వచ్చి విస్తరి ముందు కూచుని, అన్నంలో చెయ్యి పెట్టకుండా తల వంచుకుంది. "ఆంటీ, సార్ వేళ్ళు తీసుకున్నాను. తీసుకున్నదాంట్లో అసలైన ముక్కే కోసి పక్కన పెట్టాను."

"పారెయ్యలేదు కదా," అంది మంగతాయారు. "ఆయన ఇచ్చిందాన్ని భద్రంగా దాచావు. దాచబట్టి నేనివాళ నీకు వడ్డిస్తున్నాను. తిను. నెయ్యి చాలా?"

ఆ ఏడు ఇంకా గడవకముందే దూరహస్తాలు ఏలూరు వెళ్ళాయి, శ్రీకాకుళం వెళ్ళాయి, రాష్ట్రం ఎల్ల దాటి బరంపురం కూడా వెళ్ళాయి. మూసిన తలుపుల వెనక ఆ చేతులు మణికట్టు పట్టుకుని, రెండుసార్లు తట్టి, ఆగుతాయి. ఆగినచోట ఆ ఊరి సిస్టరు ఎవరో మైకులో అడుగుతుంది. భీమిలి దగ్గర ఈ పూట ఏం చేపలు పడ్డాయని అడుగుతారట. బరంపురంలో ఒరియాలో అడుగుతారు. రోగి జవాబు చెబుతాడు, తలుపు ముందు ఎదురుచూస్తూ పోయేవాళ్ళు లేరిప్పుడు. అలా ఒకరు బతికిన కబురు వచ్చినప్పుడల్లా మంగతాయారు తుని లారీ డ్రైవరుని తలుచుకుని దేవుడి దగ్గర ఒక వత్తి ఎక్కువ వెలిగిస్తుంది. పేరు కూడా తెలియని ఆ మనిషికి తను రుణపడ్డానని ఆవిడ నమ్మకం.

ఒక పొద్దున ఆవిడ పీట మీద కూచుని బీరకాయలు చెక్కు తీస్తుంటే ధర్మారావు వచ్చి పక్కన కూలబడ్డాడు. ఆవిడ మణికట్టు తీసుకుని వేళ్ళు ఆనించాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఎన్ని వేలమందివో చూశాను. నీదే తెలియట్లేదు," అన్నాడు. ఆయన వేళ్ళ గురించి నోరు విప్పి బాధపడటం అదే మొదలు.

మంగతాయారు చెక్కు తీసే కత్తి కింద పెట్టింది. తన నాడి తనే వెతుక్కుని పట్టుకుంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, స్పర్శ మిగిలి ఉన్న మోచేతి మీద, నాడి కొట్టుకున్నప్పుడల్లా బొటనవేలితో తట్టడం మొదలుపెట్టింది. తట్టింది. ఆగింది. తట్టింది.

ధర్మారావు కళ్ళు మూసుకుని విన్నాడు. ఎక్కడా తప్పటం లేదు. నిండుగా, నిదానంగా కొట్టుకుంటోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేళ్ళు ఇచ్చినందుకు ఆ తరవాతెప్పుడూ ఆయన విచారించలేదు.

"బాగుందా డాక్టరుగారూ?" అంది ఆవిడ.

"బాగుంది," అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఏం కూర వండుతున్నావు?"

"బీరకాయ. పాలు పోసి," అంది మంగతాయారు, తట్టడం ఆపకుండానే.